పోయినవాళ్ళ లెక్క

జనవరి 16, 2018, మంగళవారం. కనుమ.

"కనుమ నాడు కాకైనా కదలదంటారు, నువ్వు దేశమే దాటుతున్నావు" అని సణుగుతూనే అమ్మ గారెల డబ్బా బ్యాగులో కుక్కింది. టికెట్టు తీసింది నేను కాదు, నన్ను పంపే సంస్థ. వాళ్ళకి కనుమ సంగతి ఎవరు చెప్తారు? నాగాయలంక నుంచి గన్నవరం, అక్కణ్ణుంచి హైదరాబాదు, చీకటి పడేసరికి కలకత్తా.

మా ఊళ్ళో నా ఉద్యోగం గురించి చెప్పాలంటే కాస్త ఇబ్బందే. "డాక్టరే గానీ వైద్యం చెయ్యదు, జబ్బులు లెక్కపెడుతుంది" అని అమ్మ చుట్టాలకి చెప్తుంటుంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను. ఈసారి బంగ్లాదేశ్‌లోని రోహింగ్యా శిబిరాలకి. అక్కడి క్లినిక్కులు వారం వారం పంపే జబ్బుల లెక్క, చావుల లెక్క ఎంతవరకు నిజమో చూసి రావాలి.

కలకత్తాలో రాత్రి బస. ఇక్కడికి రెండు గంటల దూరంలోనే బన్‌గావ్ ఉంది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులకి అక్కడ కలరా సోకింది. సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్ళని డ్రమ్ముల్లో పోయించి, రోగి పక్కన కూర్చున్న చుట్టాల చేతే తాగించాడు. నూటికి ముప్పై మంది పోతున్నచోట నాలుగుకి లోపు అయ్యారు. మన ఇళ్ళల్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌కి అదే రుజువు. ఆ ముప్పైని, ఆ నాలుగుని ఎవరో కూర్చుని రాసిపెట్టబట్టే ప్రపంచం నమ్మింది. నాకు అందులో నచ్చేది ఆ సంగతి.

హోటల్ టీవీలో వార్త: ఇవాళ నేపిడాలో బంగ్లాదేశ్, మయన్మార్ ప్రభుత్వాలు సంతకాలు చేశాయి. 2016 అక్టోబరు నుంచి వచ్చిన రోహింగ్యాల్ని రెండేళ్ళలో వెనక్కి పంపుతారట. మొదలుపెట్టేది 23వ తేదీన. నా తిరుగు ప్రయాణమూ 23నే.

జనవరి 17, బుధవారం.

ఢాకాలో విమానం మారాను. కాక్స్ బజార్ వెళ్ళే విమానంలో సగం మంది కొత్త పెళ్ళిజంటలు, మిగతా సగం వీపు మీద సంస్థ పేరున్న కోటులవాళ్ళు. బంగ్లాదేశ్ వాళ్ళకి ఇది హనీమూన్ ఊరు. 120 కిలోమీటర్ల ఇసుక తీరం, వరసగా హోటళ్ళు, పీతల వేపుడు, గుర్రం ఎక్కి ఫొటోలు. ఇక్కణ్ణుంచి గంటన్నర దూరంలో ఏముందో చెప్తే నమ్మలేరు.

మధ్యాహ్నం ఆఫీసులో బ్రీఫింగ్. కిందటేడాది ఆగస్టు 25న మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో సైన్యం రోహింగ్యాల ఊళ్ళ మీద పడ్డాక ఇప్పటిదాకా ఆరు లక్షల ఎనభై వేలకి పైగా మనుషులు నాఫ్ నది, కొండలు దాటి వచ్చారు. 1978లో, 1991-92లో వచ్చినవాళ్ళలో మిగిలిపోయినవాళ్ళు అప్పటికే ఉన్నారు. అందరూ కలిపి తొమ్మిది లక్షల దాకా.

శిబిరాల్లో చావుల్ని కొలవడానికి ఒక కొలబద్ద ఉంది: పదివేల మందికి, రోజుకి, ఎందరు పోతున్నారు. ఒకటి దాటితే ఎమర్జెన్సీ. ఐదేళ్ళలోపు పిల్లల్లో అయితే రెండు. మొదటిసారి వింటే "పదివేలకి ఒకరేగా" అనిపిస్తుంది. అదే ఐదు కోట్ల ఆంధ్రప్రదేశ్‌కి పెట్టి చూడండి, రోజుకి ఐదువేల చావులు. మామూలు రోజున మన రాష్ట్రం మొత్తంలో పోయేది సుమారు వెయ్యి మంది.

1994 జూలైలో రువాండా నుంచి పారిపోయి పక్క దేశం జైర్ (ఇప్పటి కాంగో)లోని గోమా చేరినవాళ్ళలో ఈ కొలత ఇరవై దాటింది. కలరా, రక్త విరేచనాలు. నెల రోజుల్లో దాదాపు యాభై వేల మంది పోయారు. ఆ అంకె ఎలా దొరికిందో మా మాస్టారు క్లాసులో చెప్పింది నేను మర్చిపోలేదు. అక్కడ నేలంతా అగ్నిపర్వతం కక్కిన రాయి, గొయ్యి తవ్వడం ఎవరి తరమూ కాదు. శవాల్ని చాపల్లో చుట్టి రోడ్డు పక్కన పెడితే లారీలు ఎత్తుకెళ్ళేవి. లారీ ఎక్కినవాటిని లెక్కపెట్టారు. నేల మెత్తగా ఉండి ఎవరి గొయ్యి వాళ్ళు తవ్వుకుని ఉంటే మనకి ఆ అంకె దొరికేది కాదు.

నేను చూడబోయే శిబిరం ఉన్న కుతుపాలాంగ్‌లో నేల మెత్తన. ఇసుక మట్టి కొండలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ పెట్టె ఒకటి చూపించారు. అందులో అరవై సెల్‌ఫోన్లు, లాప్‌టాప్, చిన్న సర్వరు, సోలార్ సరంజామా. యాభై క్లినిక్కులకి, ఐదు లక్షల మందికి సరిపోతుంది. ఖరీదు పదిహేను వేల డాలర్లు. నిన్నా మొన్నా మా వైపు కోడిపందేల బరిలో ఒక్క పూటకి చేతులు మారే డబ్బు. ప్రతి క్లినిక్కూ వారానికోసారి ఫోనులో అంకెలు నింపి పంపాలి. నీళ్ళ విరేచనాలు ఎన్ని, రక్త విరేచనాలు ఎన్ని, కామెర్లు ఎన్ని, తట్టు ఎన్ని, చావులు ఎన్ని. కొన్ని జబ్బులకి అంకె పెరిగితే గంట మోగుతుంది, కొన్నిటికి ఒక్క కేసున్నా చాలు.

మా పనిలో మొదట నేర్పేది సున్నాకీ ఖాళీ గడికీ ఉన్న తేడా. సున్నా అంటే "వెతికాను, లేదు." ఖాళీ అంటే "వెతకలేదు." పేచీ అంతా వెతక్కుండా సున్నా వేసేవాళ్ళతోనే.

జనవరి 18, గురువారం.

పొద్దున్నే ఆరింటికి బయల్దేరాం. చలి బాగానే ఉంది. ఉఖియా దాటాక బియ్యం లారీలు, వెదురు లారీలు, మా బండ్లు అన్నీ ఒకే సన్న రోడ్డు మీద. నాతో చిట్టగాంగ్ నుంచి వచ్చిన దుబాసీ అమ్మాయి ఉంది. చిట్టగాంగ్ యాస రోహింగ్యా భాషకి దగ్గర. హైదరాబాద్ బాలాపూర్ బస్తీలో రోహింగ్యా కుటుంబాల మధ్య తిరిగినప్పుడు నాకూ నాలుగు ముక్కలు వచ్చాయి. విరేచనాల్ని వాళ్ళు "గా లామని" అంటారు. ఒళ్ళు కిందికి దిగిపోవడం. నా హైదరాబాదీ ఉర్దూ విని ఈ అమ్మాయి నవ్వి, "ఆపా, మీరు చెప్పేది నాకు చెప్పండి, నేను చెప్తాను" అంది.

శిబిరం ఎలా ఉందని అమ్మ ఫోనులో అడిగింది. చెట్లు కొట్టేసిన కొండలు, ఒక్కో కొండకీ వెదురుబద్దలు, టార్పాలిన్లు అతికించినట్టు గుడిసెలు, ఇసుకబస్తాల మెట్లు. ఐదు నెలల కిందట ఇది ఏనుగులు తిరిగే అడవి. దారి మర్చిపోని ఏనుగులు ఇప్పటికీ వస్తున్నాయి, మనుషుల్ని తొక్కి చంపాయి కూడా. బోరింగు పంపు, దానికి పది అడుగుల్లో మరుగుదొడ్డి. ఎక్కడ చూసినా పిల్లలు. పాలిథిన్ కవర్లతో చేసిన గాలిపటాలు.

మొదటి క్లినిక్కు కొండ మీద. రిజిస్టరు ముత్యాల్లాంటి చేతిరాతతో ఉంది. జ్వరాలు, దగ్గులు, గజ్జి. చావుల గడిలో మాత్రం ఐదు వారాలుగా సున్నా, సున్నా, సున్నా.

"ఎవరూ పోలేదా తమ్ముడూ?" అన్నాను. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో ఆ కుర్రాడికి.

"ఇక్కడ పోరు ఆపా. బాగా సీరియస్ అయితే పెద్దాసుపత్రికి పంపేస్తాం."

పెద్దాసుపత్రికి వెళ్ళాం. అక్కడి నర్సు: "మా వార్డులో పోతే రాస్తాం. వచ్చేలోపే దారిలో పోతే మేం ఎలా రాస్తాం?"

తప్పు ఇద్దరిదీ కాదు. క్లినిక్కుకి బతికున్నవాళ్ళే కదా వస్తారు!

మధ్యాహ్నం డిఫ్తీరియా (కంఠసర్పి) కేంద్రం. నవంబరు రెండో వారంలో మొదటి అనుమానపు కేసు కనిపించింది, ఇప్పటికి నాలుగు వేలు దాటాయి, చావులు ముప్పై దాటాయి. మా తరం డాక్టర్లలో చాలామంది ఈ జబ్బుని పుస్తకంలోనే చూశారు. నేను నల్లకుంట ఫీవరాసుపత్రిలో చూశాను. పాతవాళ్ళు ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు దాన్ని. హైదరాబాదులో కంఠసర్పి పూర్తిగా ఎప్పుడూ పోలేదు. అక్కడైతే వారానికి ఒకటో రెండో. ఇక్కడ టెంటు నిండా మంచాలే. గొంతులో బూడిదరంగు పొర, ఎద్దు మెడలా వాచిన గొంతు, ఊపిరి తీస్తుంటే కీచుమని చప్పుడు. రఖైన్‌లో టీకాలు ఈ పిల్లల దాకా వచ్చింది తక్కువ.

మందు గుర్రపు రక్తంతో తయారయ్యే యాంటీటాక్సిన్. ప్రపంచం మొత్తం మీద దొరికేది కొద్దిగా. గుర్రపు సీరం ఒంటికి పడకపోతే ప్రాణం మీదికి వస్తుంది గనక ముందు చుక్క వేసి చూసి, తర్వాత మెల్లగా ఎక్కిస్తారు. పక్కన నర్సు కదలకుండా కూర్చోవాలి. అయితే అది రక్తంలో తిరిగే విషాన్నే పట్టుకోగలదు. అప్పటికే గుండె కండరంలోకి దిగిపోయిన విషాన్ని ఏమీ చెయ్యలేదు. గొంతు బాగుపడి, పిల్లాడు లేచి ఆడుకుని, వారానికో రెండు వారాలకో హఠాత్తుగా గుండె ఆగిపోవచ్చు.

ఈ మాట రాసుకుంటూ డిశ్చార్జి జాబితా వైపు చూశాను. పేరు, వయసు, బ్లాకు, మాఝీ పేరు. శిబిరంలో ఇంటి నంబర్లు లేవు, ఆ బ్లాకు పెద్ద అయిన మాఝీ పేరే చిరునామా. చివరి గడిలో అందరికీ ఒకటే మాట, "కోలుకున్నాడు." ఆ మాట రాసింది బయటికి పంపిన రోజున. తర్వాత రెండు వారాలకి వెళ్ళి చూసినవాళ్ళెవరు?

జాబితాలో ఒక బ్లాకు పేర్లు కాగితం మీద ఎక్కించుకున్నాను.

నాలుగింటికల్లా బయటివాళ్ళంతా శిబిరం వదలాలి. రాత్రి అక్కడ మాలో ఎవరూ ఉండం. చావులకి ఆ నియమం తెలీదు.

జనవరి 19, శుక్రవారం.

జుమ్మా. శిబిరం దార్లలో గుంపులు, చేతిరాత బ్యానర్లు. వెనక్కి పంపడం మీద నిరసన. పౌరసత్వం కావాలి, రక్షణ కావాలి, అవి లేకుండా వెళ్ళం అంటున్నారు.

నా కాగితం చూడగానే మాఝీ ముఖం మారిపోయింది. "ఈ లిస్టు దేనికి?" అన్నాడు. దుబాసీ అమ్మాయి రెండుసార్లు విడమర్చి చెప్పింది. ఆయన వినలేదు, వినకపోవడంలో తప్పూ లేదు. 23న మొదటి విడత అంటున్నారు, ఎవరో పరాయి డాక్టరమ్మ వచ్చి పిల్లల పేర్లూ తండ్రుల పేర్లూ చదువుతోంది. వాళ్ళ జీవితంలో జాబితా అనేది మంచికి వచ్చిందెప్పుడు? 1982 పౌరసత్వ చట్టంలో గుర్తించిన జాతుల జాబితాలో వాళ్ళ పేరు లేదు. ఊళ్ళో ఏటా సిబ్బంది వచ్చి, ఇంటిల్లిపాదినీ నిలబెట్టి, ఇంటి జాబితాలో ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఎవరో సరిచూసుకునేవాళ్ళు.

"మా బ్లాకులో చావులు లేవు" అన్నాడు మాఝీ. కాగితం మడిచి బ్యాగులో పెట్టేశాను. టీ తాగాం. రఖైన్‌లో ఆయనకి ఎన్ని గేదెలుండేవో చెప్పాడు.

తిరిగొచ్చే దారిలో గుట్ట వాలున శ్మశానం. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళకూడదు. నేనూ దుబాసీ అమ్మాయీ దారి మీదే నిలబడ్డాం. అక్కణ్ణుంచే కనిపిస్తున్నాయి, వెదురుబద్దల కంచె కట్టిన గోరీలు. పాతవాటి మీద మట్టి ఎండి తెల్లబడింది, కొత్తవి ఇంకా ఎర్రగా ఉన్నాయి. ఎర్రవాటిలో సగానికి సగం పొట్టివి.

గోరీలు తవ్వే ఆయన భుజాన పలుగుతో బయటికి వచ్చాడు. డబ్బు తీసుకోడు, పుణ్యం కోసం చేస్తాడు. పేర్లు చాలా వరకు తెలీవు. ఎంత పొడుగు తవ్వాడో మాత్రం ప్రతిదీ గుర్తుంది. చేతులు చాచి చూపించాడు, "మొన్న బుధవారం ఇంత. దానికి ముందు శుక్రవారం ఇంత, రెండు." ఏ మాఝీ మనుషులు తెచ్చారని అడిగాను. పొద్దున మేం టీ తాగిన ఇంటి వైపు చూపించాడు.

మా నాన్న రొయ్యల చెరువులో ఎన్ని మిగిలాయో చూడ్డానికి విసురువల వేస్తాడు. చెరువంతా తోడి చూడలేం కదా. మేం చేసేదీ దాదాపు అదే, కాకపోతే వల రెండుసార్లు వేస్తాం. చావుల గురించి తెలిసిన ఇద్దర్ని విడివిడిగా అడుగుతాం. ఉదాహరణకి మౌల్వీ పన్నెండు చెప్పాడు, గొయ్యి తవ్వే ఆయన తొమ్మిది చెప్పాడు, రెండింట్లోనూ ఉన్నవి ఆరు అనుకోండి. అంటే తవ్వే ఆయనకి తెలిసినవాటిలో మౌల్వీకి తెలిసినవి మూడింట రెండు వంతులు. మౌల్వీకి అసలు మొత్తంలోనే మూడింట రెండు వంతులు తెలుసనుకుంటే మొత్తం పద్దెనిమిది. ఇద్దరూ కలిపి చెప్పినవి పదిహేను. మిగతా మూడూ ఎవరూ చెప్పనివి. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు, అది ముఖ్యమైన షరతు. శిబిరంలో అది కుదిరే పని కాదు, అయినా లెక్క వేస్తాం.

జనవరి 20, శనివారం.

నిన్నటి ఎండుచేపల పచ్చడి (ఇక్కడ భర్తా అంటారు) వల్లో, ఏ నీళ్ళ వల్లో, నాకే గా లామని. గది వదల్లేదు. మహలనబిస్ గారి నీళ్ళు, అమ్మ గారెల్లో మిగిలిన రెండు. జబ్బుల లెక్కలో నన్ను ఎవరూ ఎక్కించలేదు.

జనవరి 21, ఆదివారం.

దుబాసీ అమ్మాయి తెలివైన ఉపాయం చెప్పింది. మాఝీని వదిలేసి, ఆ బ్లాకులో ఆరోగ్య కార్యకర్తగా పనిచేసే రోహింగ్యా అమ్మాయిని వెంటబెట్టుకుని ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళాం. కాగితం, పెన్ను, ఫోను ఏవీ బయటికి తియ్యలేదు. ఆడవాళ్ళ శవాలకి స్నానం చేయించే ముసలామె ఇంట్లో కూర్చున్నాం. కాసేపటికి చుట్టుపక్కల గుడిసెల్లోంచి ఒక్కొక్కరే వచ్చారు.

మా పద్ధతిలో ప్రశ్న "ఎవరు పోయారు" అని మొదలవదు. ఫలానా రోజున ఈ ఇంట్లో ఎవరెవరున్నారు, తర్వాత ఎవరు పుట్టారు, ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు, చివర్న ఎవరు పోయారు. తేదీలు ఎవరికీ గుర్తుండవు గనక పండగల్ని పట్టుకుంటాం. రంజాన్ నెల, బక్రీద్. పోయినేడు బక్రీద్ సెప్టెంబరు 2న, అంటే సరిగ్గా ఊళ్ళు తగలబడుతున్నప్పుడు. "బక్రీద్‌కి ముందా, తర్వాతా?" అని అడిగితే గుడిసెలో మాటలు ఆగిపోయాయి. మా దివిసీమలో "ఉప్పెనకి ముందా, తర్వాతా?" అన్నట్టే.

ఇదే ప్రశ్న నవంబరులో ఎంఎస్‌ఎఫ్ (సరిహద్దుల్లేని డాక్టర్ల సంస్థ) వాళ్ళు ఆరు సర్వేలుగా శిబిరాల్లో అడిగారు. ఆగస్టు 25 తర్వాతి ఒక్క నెలలో, తక్కువలో తక్కువ 6,700 మంది హింసలో చనిపోయారని తేలింది. అందులో కనీసం 730 మంది ఐదేళ్ళ లోపు పిల్లలు. ఎక్కువమంది తుపాకి గుండ్లకి పోయారు. మయన్మార్ ప్రభుత్వం చెప్పిన లెక్క నాలుగు వందలు. సర్వే లెక్కలోనూ ఒక పెద్ద వెలితి ఉంది, అది తీరేదీ కాదు: ఇంటిల్లిపాదీ పోతే, ఆ ఇంటి తరఫున జవాబు చెప్పడానికి శిబిరం దాకా ఎవరూ రారు.

1977 నవంబరు 19 ఉప్పెనకి సర్కారు ఒక అంకె చెప్పింది, జనం దానికి ఎన్నో రెట్లు చెప్పారు. మా అమ్మమ్మ వాదన వేరు. "కోతలకొచ్చిన కూలోళ్ళ పేర్లు ఏ కరణం దగ్గరున్నయ్యే? గుంపుగా వచ్చారు, గుంపుగా పోయారు" అనేది. మా చేలో పనికొచ్చిన రెండు కుటుంబాల గురించి చెప్పేటప్పుడు ఆమెకి వాళ్ళ ఊరి పేరు కూడా గుర్తొచ్చేది కాదు.

డిశ్చార్జి జాబితాలోని పేర్లు నాకు నోటికి వచ్చేశాయి. నాలుగేళ్ళ పిల్లాడి పేరు మెల్లగా అన్నాను. ఒకావిడ కొంగు సర్దుకుని, పక్కామె వైపు చూసింది. ఆస్పత్రి నుంచి వచ్చాక తొమ్మిది రోజులు బాగున్నాడట. పదోరోజు పొద్దున్న గాలిపటం దారం పట్టుకుని మెట్లెక్కుతూ కూర్చుండిపోయాడు.

ఎవరికైనా చెప్పారా?

ఆవిడ దుబాసీ అమ్మాయితో చాలాసేపు మాట్లాడింది. సారాంశం ఇది: బియ్యం కార్డులో ఎంతమంది ఉంటే అంత బియ్యం. ఒక తల తగ్గితే ఏమవుతుందో తెలీదు, మొన్నటిదాకా ఆ పిల్లాడి వాటా కూడా అప్పుల కింద వెళ్ళింది. పైగా 23న పంపే లిస్టు ఏ ఇంటి నుంచి తీస్తారో తెలీదు. "చెప్తే ఏమొస్తుంది?" అని చివర్న నన్ను సూటిగా అడిగింది.

నా దగ్గర జవాబుంది. ఆస్పత్రివాళ్ళు పిల్లల్ని పంపేశాక కూడా రెండు వారాలు చూసుకోవాలని తెలుస్తుంది, రేపు ఇంకో పిల్లాడు బతుకుతాడు, ఇలాంటివి. నిజమైన జవాబే. అయితే అది ఇంకొకరి పిల్లాడి గురించి. ఆవిడ అడిగింది వాళ్ళింటికి ఏమొస్తుందని.

సాయంత్రానికి ఆ బ్లాకులో మూడు చావులు తేలాయి. గోరీలు తవ్వే ఆయన చేతులు చాచి చూపించిన మూడూ ఇవేనని అనుకుంటున్నాను.

జనవరి 22, సోమవారం.

పొద్దున్నే వార్త: రేపటి నుంచి పంపడం లేదు, వాయిదా. ఆఫీసులో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. శిబిరంలో ఎలా ఉందో అని కార్యకర్త అమ్మాయికి ఫోన్ చేస్తే, "వాయిదా అన్నారు గానీ వద్దనలేదుగా ఆపా" అంది.

మీటింగులో నా సున్నా-మూడు సంగతి చెప్పాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. వాదన అంతా హారం మీద నడిచింది. మూడుని ఎంతమందితో భాగించాలి? మాఝీ చెప్పే జనాభా ఒకటి, కుటుంబాల గణనలో వచ్చింది ఇంకొకటి. ఎక్కువ జనాభాతో భాగిస్తే మరణాల రేటు తగ్గుతుంది, ఎమర్జెన్సీ గీత దాటదు. ఏ అంకె తీసుకున్నా మా బ్లాకు గీత కిందే ఉంది, నిజానికి అది మంచి వార్తే. గంటసేపు వాదించుకున్నాం. ఒకాయన బిస్కెట్లు తెప్పించాడు.

ఈ జిల్లాలోనే నలభై ఏళ్ళ కిందట లెక్క బాగా కుదిరిన సందర్భం ఒకటుంది, దాని గురించి మా వాళ్ళు పెద్దగా మాట్లాడరు. 1978లో రెండు లక్షలకి పైగా రోహింగ్యాలు వచ్చారు. శిబిరాల్లో పిల్లలు ఎండిపోతున్నారనీ, వారానికి ఎంతమంది పోతున్నారనీ కాగితం మీద స్పష్టంగా ఉండేది. రేషను మాత్రం పెరగలేదు. కడుపు నిండితే వెనక్కి వెళ్ళరేమోనని అధికారుల భయం. ఏడాది తిరిగేలోగా పదివేల మంది దాకా చనిపోయారు, ఎక్కువమంది పిల్లలు. మిగిలినవాళ్ళు చాలావరకు వెనక్కి వెళ్ళారు. అప్పుడు కాక్స్ బజార్‌లో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కార్యాలయాన్ని చూసిన అలన్ లిండ్‌క్విస్ట్ అనే ఆయన 1979లో ఇదంతా నివేదికగా రాయబట్టి మనకి తెలుసు. అక్కడ ఖాళీ గడులు లేవు, దొంగ సున్నాలూ లేవు. చదివినవాళ్ళే ఏమీ చెయ్యలేదు. దీన్ని మీటింగులో ఎత్తుదామనుకుని ఊరుకున్నాను.

ఎత్తింది వేరే సంగతి. చావు సంగతి చెప్పిన ఇంటికి కఫన్ గుడ్డ, అంటే శవానికి చుట్టే తెల్లగుడ్డ, ఇద్దాం అన్నాను. కొత్త ఆలోచనేం కాదు, వేరే దేశాల శిబిరాల్లో చేసిందే. బియ్యం కార్డుతో సంబంధం లేకుండా, పేరు అడక్కుండా, వయసు, ఆడా మగా, ఏ రోజు అన్నవి మాత్రం అడిగి గుడ్డ చేతిలో పెట్టడం. ఇక్కడ పేదవాళ్ళు చావుకి మొదట అప్పు చేసేది ఆ గుడ్డకే. మగవాళ్ళకి మూడు ముక్కలు, ఆడవాళ్ళకి ఐదు.

"ఇది ఏ పద్దు కింద రాయాలి? ఆరోగ్యమా, దుస్తులా?" అని లెక్కల విభాగం ఆయన అడిగాడు. ఆయన్ని వెక్కిరించాలని కాదు, పాపం నిజంగానే అడిగాడు. చివరికి "డేటా సేకరణ ఖర్చులు" అని తేల్చారు. ఒక బ్లాకుకి, ఒక నెలకి, నలభై జతలు మంజూరు.

డిశ్చార్జి అయిన పిల్లల్ని కార్యకర్తలు రెండు వారాలపాటు వెళ్ళి చూసిరావడానికి కూడా ఒప్పుకున్నారు. (ఈ మాటలు తర్వాతెప్పుడో చేర్చాను.) తర్వాతి రెండేళ్ళలో ఈ శిబిరాల్లో డిఫ్తీరియా లెక్క ఏడువేలు దాటింది, చావులు 45 అని రాశారు. ఆ 45లో మెట్ల మీద కూర్చుండిపోయిన పిల్లాడు ఉన్నాడని అనుకుంటాను. గడి దిద్ది పంపింది నేనే.

జనవరి 23, మంగళవారం.

విమానం మధ్యాహ్నం. డ్రైవర్ భాయ్ మెరైన్ డ్రైవ్ మీదుగా పోదామన్నాడు, ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు, ఫొటోలు బాగా వస్తాయన్నాడు. ముందు ఉఖియా బజారుకి పోనిమ్మన్నాను.

గుడ్డల కొట్టు సన్నగా, లోతుగా ఉంది. ముందు వరసలో పెళ్ళి చీరలు, వెనక తెల్ల తాన్లు. కార్యకర్త అమ్మాయి అప్పటికే వచ్చి కూర్చుంది, దుబాసీ అమ్మాయి బేరం మొదలుపెట్టింది. నలభై జతలంటే కొట్టువాడు కళ్ళద్దాలు పైకి తోసుకుని మమ్మల్ని ఓసారి చూశాడు, ఏమీ అడగలేదు. గజం కర్ర తీసి తాను విప్పాడు. పెద్దవాళ్ళకి ఎన్ని గజాలో అతనికి చెప్పక్కర్లేదు. గజం తర్వాత గజం కొలుస్తూ కత్తెర పెడుతున్నాడు. రసీదు రెండు కాపీలు కావాలని, పద్దు పేరు ఇలా ఉండాలని నేను దుబాసీ అమ్మాయితో చెప్తున్నాను.

పది జతలు అయ్యాక కార్యకర్త అమ్మాయి అతని చెయ్యి ఆపించింది. మా వైపు తిరిగి రెండు అరచేతులూ ఎదురెదురుగా, మూరెడు ఎడంగా పెట్టి చూపించింది.

"పిల్లలవి వేరే కొలత పెట్టాలంటోంది ఆపా" అంది దుబాసీ అమ్మాయి. "ఎన్ని కోయించమంటారు?"